ఇంటి సంగతులు: కోర్టు కాగితం గుమ్మంలోకొస్తే

ఉగాదినాడు కార్యక్రమం అయిపోయాక వంటగదిలో పులిహోర గిన్నెలు కడుగుతుంటే మన సభ్యుల్లోని ఒక అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. “ఆంటీ, మీరు సంచికలో అన్నీ రాస్తారు కదా, ఇది కూడా రాయండి” అంటూ బ్యాగులోంచి మడత పెట్టిన కాగితాలు తీసింది. పేరూ ఊరూ రాయను. అవి విడాకుల పిటిషను, దాంతోపాటు సమన్లు. ముక్కూ మొహం తెలియని మనిషెవరో తలుపు కొట్టి ఇచ్చిపోయాడట. ఎన్నాళ్లయిందమ్మా అంటే, “పద్దెనిమిది రోజులు. విజయవాడలో పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు, తొందరపడొద్దన్నారు” అంది.

పెద్దవాళ్లు మాట్లాడటం మంచిదే. కాని మన కాలిఫోర్నియాలో ఆ కాగితాలు చేతికందినప్పటినుంచి 30 రోజుల్లో కోర్టులో జవాబు దాఖలు చెయ్యాలి. అక్కడ పెద్దమనుషులు ఎన్నిసార్లు కూర్చున్నా ఇక్కడ ఈ లెక్క ఆగదు. గడువు దాటితే అవతలివారు ‘డిఫాల్టు’ అడగవచ్చు. అప్పుడు పిల్లల సంగతి, ఇంటి సంగతి, భరణం సంగతి ఒక్కరి మాటమీదే తేలిపోయే ప్రమాదం ఉంది. జవాబు వెయ్యడమంటే విడాకులకు ఒప్పుకోవడం కాదు, పోట్లాటకు దిగడమూ కాదు. నా మాట కూడా వినండి అని చెప్పుకోవడం.

మనవాళ్లకు మింగుడుపడని విషయం ఇంకొకటుంది. ఈ రాష్ట్రంలో 1970 నుంచి తప్పెవరిదని కోర్టు అడగదు. సర్దుకోలేని విభేదాలున్నాయని ఒక్కరు చెబితే చాలు. “నేను సంతకం పెట్టను, ఎలా ఇస్తారో చూస్తాను” అనేవారిని ముగ్గురు నలుగురిని చూశాను. సంతకం లేకుండానే ఇస్తారు. ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఉంటే మాత్రం అది వేరే సంగతి. దానికి రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, తాత్కాలికమైనదాన్ని కోర్టు అదేరోజో మర్నాటి పనిదినమో పరిశీలిస్తుంది. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తీర్పులోనూ ఆ విషయం లెక్కకొస్తుంది.

సమన్ల రెండో పేజీ ఎవరూ చదవరు. నేనూ మా చెల్లెలి కేసులో మొదట చదవలేదు. అందులో ఇద్దరికీ వర్తించే నిషేధాలుంటాయి: అవతలివారి రాతపూర్వక అంగీకారమో కోర్టు అనుమతో లేకుండా మైనరు పిల్లలను రాష్ట్రం దాటించకూడదు, వాళ్లకు కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టకూడదు, ఇన్సూరెన్సులు రద్దు చెయ్యకూడదు, ఆస్తులు దాచకూడదు. ‘వేసవి సెలవుల్లో పిల్లల్ని అమ్మావాళ్ల దగ్గర వదిలి వస్తాను’ అనుకునే తల్లులు ఆ పేజీ చదివాకే టిక్కెట్లు కొనాలి.

కాగితాలందిన ఆరునెలలకు ముందు ఇక్కడ విడాకులు ఖాయం కావు. ఆ వ్యవధి హెచ్-4 వీసాలో ఉన్నవారికి మరీ ముఖ్యం. పిటిషను వేసినంతమాత్రాన ఆ హోదా పోదు, తుది తీర్పుతో పోతుంది. విడాకుల లాయరుకు వీసాల సంగతి తెలుస్తుందనుకోవద్దు. ఇమ్మిగ్రేషను లాయరును విడిగా అడగాలి, అదీ తీర్పు రాకముందే.

ఇక్కడ తీర్పు చేతికి రాగానే అంతా అయిపోయిందనుకుని ఇండియా వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకునేవారున్నారు. మన తెలుగువాళ్ల కేసే ఒకటి చెబుతాను. 1975లో తిరుపతిలో పెళ్లయిన దంపతులు. భర్త మిస్సోరీ కోర్టులో, ఆ రాష్ట్రంలో 90 రోజుల నివాసం చూపి, 1980లో విడాకుల తీర్పు తెచ్చుకున్నాడు. భార్య ఇండియాలోనే ఉంది, అభ్యంతరం చెబుతూ జవాబు పంపింది. 1981లో ఆయన యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ క్రిమినల్ కేసు పెట్టింది. 1991 జూలై 9న సుప్రీంకోర్టు ఆ అమెరికా తీర్పు చెల్లదని, కేసు నడవాల్సిందేనని చెప్పింది. తీర్పు ఫోటోస్టాట్ కాపీకి చట్టం కోరే పూర్తి ధ్రువీకరణ లేదు కనుక అది సాక్ష్యంగా పనికిరాదని కూడా అంది! హిందూ వివాహ చట్టంలో ఉన్న కారణంమీద, అవతలి మనిషి నివసించే చోటనో, లేక ఆ మనిషి స్వచ్ఛందంగా వచ్చి వాదించిన చోటనో తీర్పు వస్తే ఒప్పుకుంటామంది. అవతలివారు విడాకులకే అంగీకరించినా సరే. కనుక ఇద్దరికీ ఇష్టమైతే ఇండియాలోనూ పరస్పర అంగీకారంతో వేసుకోవడం క్షేమం. ఆ వీలు 1976 నుంచి ఉంది, కనీసం ఏడాది విడిగా ఉండాలి. తరవాతి ఆరునెలల నిరీక్షణను తగిన కేసుల్లో తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. రాలేనివారి తరఫున తల్లిదండ్రులో తోబుట్టువులో హాజరవడానికీ, వీడియోలో మాట్లాడటానికీ అప్పుడే దారి ఇచ్చింది.

డబ్బు మాట. ‘ఇద్దరికీ తెలిసిన లాయరే, ఒక్కడే చాలు’ అనే సలహా వినకండి. ఆయన ఒకరి మనిషే అవుతాడు. కోర్టుల్లో స్వయంసహాయ కేంద్రాలున్నాయి, ఫారాలు నింపడానికి డబ్బు తీసుకోరు. రాబడి తక్కువైతే కోర్టు ఫీజు మాఫీకి ఫారం ఉంది. ఒకరికి ఆదాయం ఉండి రెండోవారికి లేకపోతే లాయరు ఫీజు ఇప్పించమని జడ్జిని అడగవచ్చు, ఉద్యోగం లేని భార్యలకు ఎవరూ చెప్పని సంగతి ఇది. లాయరును వెతకడానికి స్టేట్ బార్ ధ్రువీకరించిన రెఫరల్ సర్వీసులున్నాయి. మన బే ఏరియాలో 1991 నుంచి మైత్రి అనే సంస్థ దక్షిణాసియా కుటుంబాల్లోని బాధితులకు సాయం చేస్తోంది. ఇండియాలో 1987 చట్టం ప్రకారం ఏ స్త్రీకైనా, రాబడితో పని లేకుండా, ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. అక్కడ ఉన్న అమ్మానాన్నలకు ఈ ముక్క చెప్పండి.

నేను లాయరును కాను. మా చెల్లెలితో మూడేళ్లు కోర్టుకు తిరిగినదాన్ని. ఆ అమ్మాయి మర్నాడే సెలవు పెట్టి స్వయంసహాయ కేంద్రానికి వెళ్లింది, 24వ రోజున జవాబు దాఖలు చేసింది. విజయవాడలో ఇంకా మాట్లాడుతున్నారట. జవాబు ఫారం, ఫీజు మాఫీ ఫారం నకళ్లు మా ఇంట్లో కొన్ని పెట్టాను. శనివారం పొద్దున్న వచ్చి తీసుకోండి. ఎవరికోసమని అడగను.