సముద్రానికీ ఒక సేద్యం ఉంది

పెన్నకు నీళ్లొచ్చిన ప్రతిసారీ మా అనంతపురంలో ఒక మాట వినబడుతుంది: ఇన్ని నీళ్లూ సముద్రం పాలయ్యాయే అని. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోట ఆ బాధ న్యాయమైనదే. హంద్రీ-నీవా సాగునీటి పథకం కోసం ఈ సీమ ఎంత కొట్లాడిందో తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. అయితే సముద్రంలో కలిసిన నీరు ఎందుకూ కొరగాకుండా పోతుందంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడా ఒక సేద్యం సాగుతోంది. దాని కిటుకు మన రైతుకు తెలిసిందే.

విత్తిన నెలన్నరకు చెనక్కాయ చెట్టును మట్టితో సహా పెకలించి చూడండి. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనబడతాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. రైజోబియం అనే బ్యాక్టీరియా పనిలో ఉందనడానికి అది గుర్తు. గాలిలోని నత్రజనిని అది చెట్టుకు అందేలా మారుస్తుంది, ఆకులు వండిన చక్కెరను కూలిగా పుచ్చుకుంటుంది.

సముద్రంలో ఆ చెట్టు పని చేసేవి కంటికి ఆనని వృక్షప్లవకాలు. భూగోళం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటిదే. వీటిలో డయాటమ్‌లు సిలికాతో గాజు పెంకు కట్టుకుంటాయి. అవి వదిలే తిండి కోసం చుట్టూ బ్యాక్టీరియా మూగుతుంది, ఊరికే తిని పోదు. 326 జాతుల శైవలాల వివరాలను 2005లో బ్రిటన్ పరిశోధకులు పోల్చి చూస్తే 171 జాతులకు బి12 విటమిన్ బయటినుంచి అందాల్సిందేనని తేలింది. ఆ విటమిన్‌ను బ్యాక్టీరియా తయారుచేస్తుంది. 2015లో ఇంకా ముచ్చటైన సంగతి బయటపడింది. సూడోనిట్జియా అనే తీరప్రాంతపు డయాటమ్ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఇస్తే, సల్ఫిటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా దాంతో ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం చేసి పెడుతోంది. దాంతో డయాటమ్ చకచకా రెండింతలవుతోంది. మన చెనక్కాయ వేళ్లను నడిపించే హార్మోనూ అదే! ఇది చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని మీదికి మనసు పోలేదు.

పొత్తు ఎప్పుడూ ఇంత సవ్యంగా ఉండదు. ఎరువులూ మురుగూ మోతాదు మించి చేరితే ప్లవకాలు ఒక్కసారిగా పెరిగి చస్తాయి. వాటిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. చెరువులో ప్లవకాలు పడిపోయాయంటే నెల్లూరు రొయ్యల రైతు తెల్లవారుజామున ఏరియేటర్ల దగ్గరికి ఎందుకు పరుగెడతాడో అడగండి, చెబుతాడు.

నందికొండల్లో పుట్టి, మన బండరాళ్ల మధ్య పారి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలిసే పెన్న ఈ సేద్యానికి సిలికా మోసుకెళుతుంది. నదులూ వానలూ తెచ్చిన మంచినీరు పైన పొరలా పరుచుకోవడంతో బంగాళాఖాతంలో అడుగున ఉన్న పోషకాలు సులువుగా పైకి రాలేవు. కాబట్టి తీరానికి నది తెచ్చేది పెద్ద ఆసరా. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పడానికి ఉపగ్రహాల నుంచి చూసేవాటిలో ఈ ప్లవకాల పచ్చదనం ఒకటి.

అనంతపురం తన వాటాలో ఒక్క చుక్కా వదులుకోనక్కర్లేదు. నేను అడిగేది ఒక్కటే. పెన్న మీద ఏ ప్రాజెక్టు లెక్క కట్టినా, ఊటుకూరు దాటి సముద్రానికి ఏ నెలలో ఎంత నీరు చేరాలో అందులో ఒక పద్దు ఉండాలి. ఆ పద్దు రాసేటప్పుడు నెల్లూరు మత్స్యకారులను పిలవాలి.