మన ఆరోగ్యం: మాస్కు మంచిదైతే చాలదు, సందు లేకుండా వుండాలి

“ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. విమానంలో ఏ మాస్కు పెట్టుకోమని చెప్పమంటారు?” చలికాలం వచ్చిందంటే మన సభ్యులలో తరచు వినిపించే ప్రశ్న ఇది. ఈ నెల దాన్ని గురించే ముచ్చటిద్దాం.

యు.ఎ.ఇ.లో వుంటున్న మనకు మాస్కు కొత్త కాదు. 2020 జనవరి 29న ఇక్కడ మొదటి కోవిడ్ కేసు ప్రకటించారు. ఆ ఏడాది మే నెలలో మాస్కు లేనివారికి జరిమానాను 3,000 దిర్హాములు చేశారు. 2022 ఫిబ్రవరి 26న ఆరుబయట, సెప్టెంబరు 28న చాలా చోట్ల లోపల కూడా నిర్బంధం ఎత్తివేశారు. ఆ రోజుల్లో చీరకు నప్పేట్టు మాస్కు కుట్టించుకొన్నవారూ వున్నారు, ముక్కు కిందికి జార్చుకొని తిరిగినవారూ వున్నారు. జరిమానా వేసేవారు చూసింది ముఖాన మాస్కు వున్నదా లేదా అనే. వైరస్ మాత్రం సందు ఎక్కడున్నదా అని చూస్తుంది.

కోవిడ్ వైరస్ సైజు సుమారు 0.1 మైక్రాను. “అంత చిన్నదాన్ని గుడ్డ ఎలా ఆపుతుంది?” అని కొందరి సందేహం. మొదటి మాట, వైరస్ ఒంటరిగా ఎగరదు. మన శ్వాసలోని సన్నని తుంపరలలో కలిసి వస్తుంది. రెండవది, మంచి మాస్కు జల్లెడలాగా పనిచేయదు. ఎన్-95 మాస్కులోని పాలీప్రొపిలీన్ పోగులకు స్థిరవిద్యుత్తు పట్టి వుంటుంది. దువ్వెన కాగితం ముక్కలను లాగినట్టు అది కణాలను లాగి పట్టుకొంటుంది. ఆపడానికి బాగా కష్టమైన 0.3 మైక్రాన్ల కణాలలో కూడా నూటికి 95 ఆపితేనే దానికి ఆ పేరు. యూరపు వారి ఎఫ్.ఎఫ్.పి.2కు ఈ లెక్క 94. చైనా వారి కె.ఎన్.95కు 95. ఉతికితే ఆ విద్యుత్తు పోతుంది కనుక, పొదుపు కోసం వీటిని సబ్బునీళ్ళలో ముంచవద్దని మనవి.

ఆసుపత్రులలో వాడే నీలిరంగు సర్జికల్ మాస్కుది వేరే కథ. దాని గుడ్డ మంచిదే గాని చెంపల పక్కన వదులుగా వుంటుంది. దోమతెర ఎంత మంచిదైనా ఒక మూల ఎత్తి వుంచితే దోమకు ఆ మూల చాలదూ? 2021లో అమెరికా సి.డి.సి. వారు దగ్గును అనుకరించే యంత్రంతో పరీక్షించి చూశారు. సర్జికల్ మాస్కు నూటికి 56 వంతుల కణాలను, గుడ్డ మాస్కు 51 వంతులను ఆపాయి. సర్జికల్ మాస్కు మీద గుడ్డ మాస్కును బిగించి కడితే అది 85కు పెరిగింది. ఇందులో కొత్త పదార్థమేమీ లేదు. ఒక పొర పెరిగింది, సందులు తగ్గాయి, అంతే.

ప్రయోగశాల సంగతి సరే, జనంలో ఎలా వుంటుంది? బంగ్లాదేశ్‌లో 600 గ్రామాలలో, సుమారు 3,40,000 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. మాస్కులు పంచి ప్రచారం చేసినా, సరిగా ధరించినవారు నూటికి 42 మందే. అయినా సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్ళలో లక్షణాలతో కూడిన కోవిడ్ నూటికి 11 వంతులు తగ్గింది. అరవై దాటినవారిలో 35 వంతులు తగ్గింది. గుడ్డ మాస్కుల వల్ల అంత స్పష్టమైన మేలు కనబడలేదు.

ఆ అరవై దాటినవారి లెక్కే మనకు ముఖ్యం. విజిట్ వీసా మీద, కూతురి పురిటికో మనవల ముచ్చటకో వచ్చేవారిలో బి.పి., షుగరు వున్నవారే ఎక్కువ. దిగింది మొదలు తలుపులు బిగించిన ఫ్లాటులోనే వుంటారు. స్ప్లిట్ ఎ.సి. గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది గాని కొత్త గాలిని తేదు. ఒకరికి ఫ్లూ వస్తే అందరూ పీల్చేది అదే గాలి.

కాబట్టి మేము చెప్పేది ఇది. పెద్దవారికి విమానంలోను, క్లినిక్కు వరండాలోను ఎన్-95 లేక ఎఫ్.ఎఫ్.పి.2 పెట్టించండి. ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్ళతో నొక్కాలి. గట్టిగా వూదితే కళ్ళద్దాల మీదికి గాలి వస్తున్నదంటే సరిగా అమరలేదన్నమాట. గడ్డం వున్నవారికి ఏ మాస్కూ అంచుల దగ్గర అతకదు. వాల్వు వున్న మాస్కు మనం వదిలే గాలిని వడకట్టకుండా బయటికి పంపుతుంది కనుక, దగ్గు మనకే వున్నప్పుడు అది పెట్టుకోరాదు. రెండేళ్ళలోపు పిల్లలకు అసలు మాస్కు వద్దు. ఎన్-95 ఎక్కువసేపు భరించలేని పెద్దలకు, రోజంతా తీయకుండా వుంచుకోగల సర్జికల్ మాస్కే మేలు. సంచిలో వున్న మంచి మాస్కు కంటే ముఖాన వున్న మామూలు మాస్కు నయం.

ఇంట్లో జలుబు చేసినవారు అత్తగారి గదిలోకి వెళ్ళేటప్పుడు తామే మాస్కు పెట్టుకోవాలి, కాసేపు కిటికీ తెరవాలి. ఎ.సి. బిల్లు నాలుగు దిర్హాములు పెరిగినా నష్టం లేదు. మన సభలకు వచ్చేవారిలోనూ తాతయ్యలు, అమ్మమ్మలు వుంటారు. హాలు గుమ్మం దగ్గర ఒక మాస్కుల పెట్టె వుంచితే బాగుంటుందని కార్యవర్గానికి మా సూచన.