మీరు పడుకున్న మంచమే, కలెక్టర్ గారూ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

మీ కార్యాలయానికి రాయవలసిన ఉత్తరం పత్రికలో రాస్తున్నందుకు మన్నించండి. కార్యాలయానికి రాసుకున్నవాళ్ల సంగతి ఏమైందో కాస్త కిందికి చదివితే ఉంటుంది. సరస్సు పేరు గానీ, లంక పేరు గానీ, నాకు అన్నం పెట్టిన ఇంటిపేరు గానీ ఇందులో రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున్నే ఎవరో ఒక ఉద్యోగి ఆ గుమ్మం ముందు నిలబడి "పేపరోళ్లకి చెప్పిందెవరు?" అని అడుగుతాడు. మీకు పేర్లతో పనిలేదు కూడా. మూడేళ్ల కిందట పల్లెనిద్ర పేరుతో తమరు ఒక రాత్రి గడిపిన లంక అది.

పోయిన మాఘమాసంలో గూడబాతుల్ని చూద్దామని వెళ్లాను. పొద్దువాలేసరికి గాలి తిరిగింది. ఇప్పుడు గెడ వేయడం మంచిది కాదని దోనె మనిషి అన్నాడు, తనే వాళ్లింటికి తీసుకెళ్లాడు. రెండు గదుల రేకుల ఇల్లు. ఆ ఇంటి పెద్దమ్మ నేనెవరినో అడగకముందే కాళ్లకు నీళ్లిచ్చింది. ఆ రాత్రి కొరమేను పులుసు. చేపల పులుసు మర్నాటికే రుచి అని తెలిసి కూడా రెండుసార్లు వడ్డించుకున్నాను, ఈ ఒక్క విషయంలో నాకు మర్యాద తక్కువ. ఇంటిల్లిపాదీ కింద చాపలు పరుచుకుని, ఉన్న ఒక్క నులకమంచం నాకు వేశారు. బయట గుర్రపుడెక్క కింద నీళ్లు ఒడ్డుకు తగులుతున్న చప్పుడు తెల్లవార్లూ వినిపించింది.

నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ చప్పుడు కాదు. మంచం నాలుగు కోళ్లకీ నాలుగు తాళ్లు ముడివేసి ఉన్నాయి. ఎందుకని అడిగాను. ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే రెండు దోనెలు జతకట్టి, మంచంతో సహా మనిషిని వాటిమీద పెట్టి, ఆ తాళ్లతో బిగించి ఒడ్డుకు చేరుస్తారట. ఊళ్లో మంచాలు చాలానే ఉన్నా, ఇది కాస్త పొట్టిది, దోనెల మీద సరిగ్గా కూర్చుంటుంది. ముసలాయన ఇదంతా చెప్పి, "కలెక్టరుగారు కూడా ఇదే మాట అడిగారండి, ఈ మంచం మీద కూర్చునే" అన్నారు.

అందుచేత ఆ తాళ్ల సంగతి తమకు నేను కొత్తగా చెప్పడం లేదు. తమరు విన్నారు, విని చలించారనే వాళ్లు నమ్ముతున్నారు. మర్నాడు పొద్దున బడి ముందు వేపచెట్టు కింద నిలబడి తమరు మూడు మాటలిచ్చారు: పడవ ఆగడానికి మెట్లతో ఒక రేవు, రాత్రీపగలూ రేవులో ఉండే మోటారు పడవ, వారానికొకసారి ఏఎన్ఎం. అడగకుండానే ఇచ్చిన మాటలవి. అడిగి తీసుకున్న మాట తప్పితే అర్జీదారుకు బాధ కలుగుతుంది. అడగకుండా ఇచ్చిన మాట తప్పితే, అది విన్నవాడు తన చెవులనే అనుమానించుకునే స్థితికి వస్తాడు. "ఆయన అలా అన్నారా, మేమే అలా అనుకున్నామా" అని ఆ పెద్దాయన నన్ను అడిగితే నేనేం చెప్పను?

మొదటి ఏడు ఎదురుచూశారు. రెండో ఏడు పూట కూలి పోగొట్టుకుని, సోమవారం అర్జీలు తీసుకునే చోటుకు నలుగురు వచ్చారు. కొన్నాళ్లకు ఫోనుకు సందేశం వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడినది. ఇంట్లో చదువుకున్న పిల్ల ఆ ముక్క చదవగానే పడవ వచ్చేసిందేమోనని రేవుకు పరుగెత్తి చూసొచ్చారట. నవ్వుతూనే చెప్పారు. నాకు నవ్వు రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే, అది చిత్తడి నేల, శాశ్వత కట్టడాలకు నిబంధనలు ఒప్పుకోవు అని జవాబు.

ఆ నిబంధనలు నేనూ చదివాను. 2017 నాటి చిత్తడి నేలల పరిరక్షణ, నిర్వహణ నిబంధనల్లో నాలుగోది గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల శాశ్వత నిర్మాణాలను వద్దంటుంది, నిజమే. కానీ పడవల జెట్టీలకు మినహాయింపు కూడా ఆ వాక్యంలోనే ఉంది. సగం వాక్యం చదివి జవాబిచ్చిన గుమాస్తాను నేను తప్పుపట్టను. కింద సంతకం చేసినవారు మాత్రం పూర్తి వాక్యం చదివే ఉంటారని అనుకోవడం పౌరుడిగా నా హక్కు.

చదివారనడానికి రుజువు కూడా ఉంది. ఇప్పుడు అదే లంకలో ఇళ్లను పర్యాటకులకు బసగా ఇస్తారట, అందుకోసం జెట్టీ కడతారట. పర్యాటకులను చేరవేయడానికి లైఫ్ జాకెట్లతో సహా ఒక మోటారు పడవకు టెండరు పిలుస్తున్నారు. అది ఉదయం ఒడ్డునుంచి బయలుదేరి, సాయంత్రం మళ్లీ ఒడ్డుకే చేరుతుంది. రాత్రిళ్లు లంకలో ఉండదు. మనుషులకు జబ్బులు పగలే వస్తాయన్న లెక్క ఎవరు వేశారో తెలియదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరి మింగిన పర్యాటకుల్ని తలుచుకుంటే లైఫ్ జాకెట్ల జాగ్రత్త మంచిదే. జతకట్టిన దోనెల మీద మంచానికి కట్టేసిన రోగికి ఏ జాకెట్ తొడుగుతారో మాత్రం ఆలోచించండి.

ఇంటికొచ్చినవాళ్లకు అన్నం పెట్టి పడక వేయడానికి ఆ ఇళ్లకు శిక్షణ ఇస్తామని కూడా ప్రకటనలో ఉంది. నాకు వేసిన మంచానికి డబ్బివ్వబోతే ఆ పెద్దమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆవిడకు ఎవరు నేర్పుతారండీ?

పథకం వద్దనడం లేదు. పెరూ దేశంలో, సముద్రమట్టానికి 3,800 మీటర్ల పైన ఉన్న టిటికాకా సరస్సులో అమంతానీ, తకీలే అని రెండు ద్వీపాలున్నాయి. వచ్చినవాళ్లను అక్కడి కుటుంబాలు ఇళ్లలో ఉంచుకుంటాయి. అమంతానీలో ఏ ఇంటికి ఎవరు వెళ్లాలో వంతుల ప్రకారం పంచుకుంటారు. తకీలే వాళ్లు తొలిరోజుల్లో యాత్రికుల్ని తమ పడవల్లోనే తీసుకెళ్లేవారు. 1990ల్లో ఆ ప్రయాణం చాలామటుకు పూనో పట్టణపు ఏజెన్సీల చేతికి పోయింది. దాంతో రాబడిలో పెద్దభాగం అటే పోయింది. ద్వీపంలో ఇల్లు ఎవరిదన్నది తర్వాతి సంగతి, పడవ ఎవరిదన్నదే అసలు లెక్క. ఒడ్డున ఉన్న కాంట్రాక్టరుకు ఈ సంగతి నాకంటే ముందే తెలుసు.

కనుక విన్నపం. టెండరు తెరవకముందే ఆ లంకలో గ్రామసభ పెట్టించండి. పడవను అక్కడి మత్స్యకార సహకార సంఘానికే ఇప్పించి, రాత్రిళ్లు లంక రేవులోనే ఉండేలా రాతపూర్వకంగా ఆదేశించండి. ఏఎన్ఎం వారానికొకసారి వచ్చే రోజు ఏదో ఆ సభలోనే చెప్పండి. ఆ సభకు శాఖవారి స్పీడుబోటులో కాకుండా, వాళ్ల దోనెలోనే రండి. గెడ వేసే మనిషి రేవులో ఉంటాడు, తమర్ని గుర్తుపడతాడు కూడా.

ఇట్లు,
అదే మంచం మీద పడుకున్న మరొక అతిథి