రోడ్డు లేని చోటు ఎవరి సరదా?

మగవాళ్లు పాత బళ్లు బాగుచేసుకుని తిరగడం మీద నాకేం కోపం లేదు. అరవై దాటాక మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండటమే మంచిది. పొద్దున్నే స్పానరు పట్టుకుని కార్బొరేటరు విప్పుకునే మనిషి, కనీసం టీవీ ముందు కూర్చుని లోకాన్నంతా తిట్టడు. నా పేచీ ఒక్క విషయం మీదే. పాత స్నేహితులంతా కలిసి రైడ్ ఎక్కడ పెట్టుకుందాం అనుకోగానే అందరి నోటా ఒకే మాట వస్తుంది: "రోడ్డు లేని చోటు చూడండి."

రెండు నెలలుగా మా ఇంట్లో ఇదే చర్చ. మా వారితో కలిపి పన్నెండు మంది. సగం మంది స్టీల్ ప్లాంట్, సగం మంది పోర్టు. అందరూ రిటైరైనవాళ్లే. జావాలు, యెజ్డీలు, రాజ్‌దూత్‌లు, రెండు పాత బుల్లెట్లు. వాళ్ల వాట్సాప్ గ్రూపులో చివరికి మూడు పేర్లు తేలాయి. ఎర్రమట్టి దిబ్బలు, సముద్రపు ఒడ్డున ఇసుక, పాడేరు అవతల కొండదారులు. కింద "ఫ్యామిలీలతో రావాలి" అని కూడా రాసుకున్నారు. ఆ ఫ్యామిలీలను మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. ఆ మూడూ వద్దు.

ముందు బళ్ల సంగతి చూద్దాం. ముప్పై ఏళ్లుగా వింటున్నదాన్ని, నాకూ కొంత తెలుసు. జావా 1961 నుంచి మైసూరులో తయారైంది. 1973 నుంచి దాని పేరు యెజ్డీ అయింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బుల్లెట్ 1955 నుంచి మద్రాసులో తయారవుతోంది. రాజ్‌దూత్ అంటే పల్లెల్లో పాలవాళ్ల బండి. రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని తెల్లారకముందే వచ్చేవాళ్లు. వీటిలో ఏ ఒక్కటీ కొండలు దూకడానికి చేసింది కాదు. అప్పట్లో మన రోడ్లే అలా ఉండేవి కాబట్టి గుంతలు తట్టుకునేలా గట్టిగా చేశారు. అంతే. మంచి రోడ్డు దొరికితే చాలు దేవుడా అని మొక్కుకున్న తరం, ఇవాళ రోడ్డు లేని చోటు వెతుక్కుంటూ బయల్దేరింది!

ఇక మొదటి పేరు, ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి వెళ్లే దారిలో మనందరం చూసినవే. సినిమా పాటల్లో కూడా చూశాం. చూడ్డానికి మట్టిగుట్టల్లా ఉంటాయి కాబట్టి బండెక్కి తిరిగితే ఏం పోతుందిలే అనిపిస్తుంది. అవి మట్టిగుట్టలు కావు. గాలీ సముద్రమూ కలిసి వేల ఏళ్లలో పేర్చిన ఇసుక. దానికి ఇనుము పట్టి ఎర్రబారింది. వానలు కోసిన లోయలవి. ఇలాంటివి మన దేశంలో ఇక్కడా, తమిళనాడు దక్షిణ తీరంలోనూ ఉన్నాయి, తర్వాత శ్రీలంకలో. జియలాజికల్ సర్వే వాళ్లు వీటిని జాతీయ వారసత్వంగా గుర్తించారు. 2025లో తిరుమల కొండలతో పాటు వీటి పేరు కూడా యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అక్కడ ఒక టైరు గీసిన చార ఊరికే పోదు. వాన పడితే నీళ్లు ఆ చారలోనే దిగుతాయి. చార కాలవవుతుంది, కాలవ గండి అవుతుంది. తిరుమల కొండ మీద మట్టిలో బండి గింగిరాలు తిప్పుతామంటే ఊరుకుంటామా? మరి ఇక్కడెందుకు ఊరుకోవాలి?

రెండోది సముద్రపు ఒడ్డు. రోడ్డు కాదు, ఇసుకే కావాలట. తడి ఇసుక మీద బండి ఎలా నిలబడుతుందో చూడాలట. వీళ్లు చలికాలం చల్లగా ఉంటుందని జనవరి, ఫిబ్రవరి అనుకుంటున్నారు. సరిగ్గా ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుక తవ్వి, ఒక్కోటీ వంద దాకా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతాయి. అటవీశాఖ వాళ్లు వెతికి తెచ్చినవి హేచరీల్లో పొదుగుతాయి. వాళ్ల కంటపడనివి అక్కడే ఉంటాయి. పైన బండి వెళితే ఇసుక గట్టిపడుతుంది. పిల్లలు పైకి రాలేవు. ఒకవేళ వచ్చినా టైరు చాళ్లలో పడి సముద్రం దాకా చేరవు. తాబేళ్ల సంగతి అటుంచండి, ఆ ఇసుక జాలరి ఇళ్ల వాకిలి. వలలు అక్కడే ఆరతాయి. ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకునేదీ అక్కడే. మన వాకిట్లో ఒడియాలు పెట్టుకుంటే పన్నెండు మోటారుసైకిళ్లు వాటి పక్కనుంచి దుమ్ము లేపుతూ పోయాయనుకోండి. మనం ఏమంటామో అది ఇక్కడ రాయలేను.

మూడోది కొండలు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

పాడేరు దాకా, లంబసింగి దాకా, అరకు దాకా తారు రోడ్డుంది. బస్సులు వెళ్తాయి, కార్లు వెళ్తాయి. వీళ్లకు అది చాలదు. అక్కడి నుంచి లోపలికి, గూడేలకు వెళ్లే కాలిబాటలు కావాలి. "అసలు మజా అక్కడే ఉంది" అంటారు.

ఆ బాట మీద ఏం నడుస్తుందో మీకు తెలుసు. పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు అందని గూడెంలో ఒక ఆడమనిషికి నొప్పులు మొదలైతే, కర్రకు దుప్పటి కట్టి డోలీ చేస్తారు. ముందొకరు, వెనకొకరు భుజాన పెట్టుకుని అంబులెన్సు వచ్చే చోటుదాకా కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. వాగు పొంగితే ఒడ్డున కూర్చుంటారు. కొందరు దారిలోనే కంటారు. కొందరు ఆస్పత్రి గడప చూడరు. మనం ఏడో నెల నుంచే ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు, ఏసీ గదా మామూలు గదా అని లెక్కలు వేసుకున్నవాళ్లం. ఆ తల్లికి ఉన్న లెక్క ఒక్కటే, రోడ్డు ఎంత దూరం అని.

అదే బాటను చూసి మన వాళ్లు "భలే ఆఫ్‌రోడ్డు" అంటారు. ఒకరి ప్రాణం మీదికి వచ్చే లోటు ఇంకొకరి ఆదివారం సరదా ఎలా అవుతుందండీ?

2025 ఏప్రిల్‌లో గిరిజన గ్రామాలకు రోడ్లు వెయ్యడానికి 'అడవి తల్లి బాట' అని ఒక కార్యక్రమం మొదలైంది. అంటే, స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్లకు కూడా రోడ్డు అన్నది అక్కడ కొత్తగా మొదలయ్యే పనే. వాళ్లు రోడ్డు కోసం ఎదురుచూస్తుంటే మనం రోడ్డు లేదన్న సంతోషంతో వెళ్లడం నాకు సిగ్గుగా ఉంది. పన్నెండు బళ్ల వెనక చక్రాలు తిరిగితే కాలిబాట నిలవదు. మట్టి లేస్తుంది, రాళ్లు తేలతాయి. మర్నాడు ఆ రాళ్ల మీద డోలీ మోసేవాడు కాలు ఎక్కడ పెట్టాలి?

ఇంకో మాట కూడా ఉంది. ఈ పన్నెండు మందిలో షుగరు లేనివాళ్లు ముగ్గురు. గుండెకు స్టెంటు పడినవాళ్లు ఇద్దరు. బళ్లకేమో పాత డ్రమ్ బ్రేకులు. వాటిలో చాలావాటికి ఆరు వోల్టుల లైట్లు, అంటే దీపం ఉందని తెలుస్తుంది గాని దారి కనపడదు. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ అన్నీ పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే ఇంజిన్లే. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటరు మూసేస్తే పెట్రోలు తగ్గుతుంది, దాంతోపాటు లోపలికి వెళ్లే ఆయిలూ తగ్గుతుంది. బండి వేగాన్ని ఇంజిన్ పెద్దగా పట్టి ఆపదు. భారమంతా బ్రేకుల మీదే. అవి కాలి వాసనొస్తాయి. ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. వాళ్లు మా వరండాలో కూర్చుని చెప్పుకున్నవే. చోటు ఎంచుకునేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రావు. అక్కడ ఒకాయన కాలు విరిగితే ఫోను సిగ్నలు ఉండదు, అంబులెన్సు రాదు. ఎవరు మోస్తారు? అదే డోలీ, అవే భుజాలు. కిందికి దించాక కేజీహెచ్ వరండాలో రాత్రంతా కూర్చునేది ఎవరో నేను చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ చెబితే వచ్చిన జవాబులు కూడా రాస్తాను. ఒకాయన, "ఏటి వదినా, బీచ్ రోడ్డు మీద జావా తోలడానికి మేవేటి కాలేజీ కుర్రోళ్లమా?" అన్నారు. కాదు కాబట్టే చెబుతున్నాను అన్నయ్యా. ఇంగ్లండులో 1915కి ముందు తయారైన మోటారుసైకిళ్లకు పయొనీర్ రన్ అని ఒకటి జరుగుతుంది. 1930లో మొదలైంది. ఎప్సమ్ దగ్గర బయల్దేరి బ్రైటన్ వైపు సముద్రతీరానికి, మామూలు రోడ్డు మీదే వెళ్తారు. మీ జావాకు తాత వయసున్న బళ్లవి. వాళ్లకు రోడ్డు నామోషీ కానప్పుడు మీకెందుకు?

ఇంకొకాయన, "మనం వెళ్తే గిరిజనులకు నాలుగు డబ్బులు వస్తాయి కదా" అన్నారు. ఇది ఆలోచించాల్సిన మాటే. తప్పకుండా వెళ్లండి. రోడ్డున్న మేర వెళ్లండి. వాళ్ల దగ్గర కాఫీ కొనండి, మిరియాలు కొనండి, పసుపు కొనండి, బేరం ఆడకుండా కొనండి. కాలిబాట దున్నేసి వెళ్లేవాడు అక్కడ ఖర్చు పెట్టేది ఏముంది? పెట్రోలు ఇక్కడే పోయించుకుంటాడు. పులిహోర నేను కట్టిస్తాను.

మూడో జవాబు, "అవన్నీ ఎవరికీ చెందని చోట్లు." దీనికి మాత్రం నేను గట్టిగానే చెప్పాను. మనం పిల్లల్ని పెంచుకున్న ఉక్కునగరం కూడా ఎవరికీ చెందని చోటు కాదు. అక్కడ ఊళ్లుండేవి, చెరువులుండేవి, జీడితోటలుండేవి. ఆ పల్లెలు ఖాళీ అయితేనే 1971లో శంకుస్థాపన జరిగిన ప్లాంటు లేచింది, మనకు జీతాలొచ్చాయి. విశాఖ ఉక్కు కోసం ప్రాణాలు ఇచ్చినవాళ్ల పేరు చెప్పుకునే మనం, ఆ ఉక్కు కోసం నేల ఇచ్చినవాళ్లను మర్చిపోయి, ఏ నేలను చూసినా "ఖాళీ" అనడం భావ్యం కాదు.

వద్దు అనడం సులువే, ఎక్కడో కూడా చెప్పాలి కదా. చెబుతున్నాను. సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం. కూర్మన్నపాలెంలో, స్టీల్ ప్లాంట్‌కు తిరిగే చోట, తెల్లవారుజామున ఏ షిఫ్టు వేళకు కలుసుకోండి. సగం మంది జీవితం ఆ వేళకే లేచింది. ఊళ్లో ట్రాఫిక్కు పెరగకముందే పోర్టు వైపు నుంచి బీచ్ రోడ్డు ఎక్కండి, పోర్టు వాళ్ల పాత దారి అదే. భీమిలిలో టిఫిన్లు. అక్కడ నీళ్లుంటాయి, బాత్‌రూములుంటాయి, ఆస్పత్రి ఉంటుంది. నవ్వకండి. బయటికి వెళ్తున్నామంటే పొద్దున్నుంచి మంచినీళ్లు తాగడం మానేసే జాతి మనది. చోటు ఎంచుకోవడంలో ఇదీ ఒక లెక్కే.

అక్కడి నుంచి తగరపువలస మీదుగా పద్మనాభం. 1794లో విజయనగరం రాజుగారు కుంఫిణీ సేనల మీద పోరాడి ప్రాణాలు విడిచిన ఊరు. కొండ ఎక్కగలిగినవాళ్లు మెట్లెక్కి అనంతపద్మనాభుణ్ణి చూడొచ్చు. ఎక్కలేనివాళ్లు కింద చెట్టు నీడన కూర్చోవచ్చు. మట్టి తొక్కితే గాని నిద్ర పట్టదంటారా, ఆ చుట్టుపక్కల తెలిసిన రైతు ఎవరినైనా అడగండి. కోతలయ్యాక మినుములు చల్లకుండా వదిలేసిన బీడు ఉంటుంది. ఆయన ఒప్పుకుంటే, అద్దె ఇచ్చి, గట్లు తెంపకుండా, రెండు గంటలు మీ ఇష్టం. అడిగి తొక్కిన మట్టిలో మజా తక్కువుంటుందని ఏ మెకానిక్కూ చెప్పలేదు. ఎవరైనా పడినా మెత్తని దుక్కిలో పడతారు. రోడ్డు వంద అడుగుల్లో ఉంటుంది.

కొందరు జూలై అంటున్నారు. జూలై రెండో ఆదివారం జావా డే అని చాలా ఊళ్లలో బళ్లు బయటికి తీస్తారు. మంచిదే, ఆ రోజు కూడా ఇదే దారి వెళ్లొచ్చు. బీడు మాత్రం మానేయాలి, అప్పటికి రైతు దమ్ములో ఉంటాడు. అదే జూలైలో కొండవాగుల్లోకి దిగుతామంటే మాత్రం నా జవాబు పైన రాసేశాను.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే కాదని నాకు తెలుసు. కొందరిళ్లల్లో జీపులు, కొందరిళ్లల్లో కొడుకుల కొత్త బైకులు. చోటు వాళ్లు ఖాయం చేస్తారు, వంటా మందులూ ఎదురుచూపులూ మన వంతు. ఈసారి "ఎన్ని గిన్నెలు కట్టాలి" అని అడగకముందే "ఎక్కడికి" అని అడగండి. చెప్పాక, "అక్కడ ఎవరుంటారు, వాళ్లను అడిగారా" అని కూడా అడగండి.

నేను అడిగేశాను. జవాబు వచ్చేదాకా చింతపండు నానబెట్టేది లేదు.