టమోటా మడిలో మందూ వద్దు, ఉండేలూ వద్దు



వంటగది వెనక ఉన్న మన టమోటా మడి గురించి ఈ మధ్య ఒక మాట వినబడుతోంది. పిట్టలు కాయలు పొడుస్తున్నాయంట, పురుగు పడుతోందంట, కాబట్టి మందు కొట్టించాలంట, ఉండేలు పట్టుకుని వంతులవారీగా కాపలా కాయాలంట. నా అభిప్రాయం వేరే. ఎందుకో చెప్తాను, చదివినాక మీరే ఆలోచించండి.

ముందు టమోటా విలువ చూద్దాం. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ధర లేక మన కర్నూలు జిల్లా రైతులు కాయను రోడ్డు పక్కన పారబోశారు. ధర పెరిగితే హాస్టల్లో చారు పలచబడుతుంది. పడిపోతే ఇంటికాడ అమ్మానాన్నలకు కోత కూలి గుడక రాదు. మార్కెట్టు ఎట్లున్నా పప్పులోకి నాలుగు కాయలు దొరకాలంటే మన మడి ఉండాల్సిందే. కాబట్టి మడిని కాపాడుకోవాలనే మాటలో తప్పు లేదు. ఎవరి నుంచి కాపాడాలి అన్నదే ప్రశ్న.

మడిలోకి వచ్చే జీవాలను మనం దొంగలు అనుకుంటున్నాము. కాలం ప్రకారం చూస్తే వాటిలో చానా మటుకు పనివాళ్ళే. తొలకరి పడగానే ఎర్రటి మఖమల్ గుడ్డ లాంటి ఆరుద్ర పురుగు కనబడుతుంది, అది చెట్టును ముట్టదు. అప్పుడే కప్పలు బయటికొచ్చి రాత్రిపూట పురుగులను తింటాయి. వానాకాలంలో ఏట్రింత కంచె మీద కూర్చుని ఎగిరే మిడతలను పట్టుకుంటుంది. ఆకు మీది పేనును అక్షింతల పురుగు తింటుంది. చలికాలంలో పూత బాగా నిలుస్తుంది. టమోటా పూవులో పుప్పొడి గొట్టంలో దాచినట్టు ఉంటుంది. నల్ల తుమ్మెద పూవును పట్టుకుని జుమ్మని అదిరిస్తే అది రాలుతుంది, కాయ బాగా కడుతుంది. ఎండాకాలంలో మన హొళగుంద ఎండకు పూత రాలిపోతుంది. దానికి పిట్టల మీద కోపం ఎందుకు? గోరింక, పికిలిపిట్ట పండును పొడిచేది ఆకలికే కాదు, దాహానికి గుడక. మూకుడులో నీళ్ళు పెడితే కొంతైనా తగ్గుతుంది.

మందు కొడితే పచ్చపురుగుతో పాటు ఈ పనివాళ్ళూ చస్తారు. ఇంకో భయం కూడా ఉంది. 2013 జూలైలో బీహారులోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. వాళ్ళూ మనలాంటి పిల్లలే. మందు డబ్బా వంటగది దరిదాపుల్లో ఉండకూడదు అనడానికి ఇంతకన్నా ఏం చెప్పాలి?

మరి పురుగుకు ఏం చెయ్యాలి? పొద్దున్నే చేత్తో ఏరాలి. మడి చుట్టూ బంతి నాటితే పచ్చపురుగు తల్లి అక్కడ గుడ్లు పెడుతుంది. 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, సాయంత్రం చల్లాలి. తెల్లదోమ వల్ల ఆకుముడత వచ్చిన చెట్టును పీకి దూరంగా పూడ్చాలి.

"మరి మా నాయన చేన్లో జింకలు పడి మేస్తే ఊరుకోవాలా?" అని ఒక మిత్రుడు అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, 1972 చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం. అట్లని రైతు ఒక్కడే నష్టం మోయాలనడం న్యాయం కాదు, పరిహారం ప్రభుత్వం ఇవ్వాలి. కానీ చేనుకు, మన మడికి తేడా ఉంది. చేనులో పోయేది సంవత్సరం తిండి. ఇక్కడ పోయేది పది కాయలు. ఆ పది కాయలకు ఒక పిట్ట ప్రాణం తీయడం సరికాదు.

వార్డెన్ సార్లకు నా మనవి ఒక్కటే. చేతులు కడిగిన నీళ్ళు మడికి పారేటట్టు చిన్న కాలువ తీయించండి, ఒక నోటు పుస్తకం ఇప్పించండి. వారానికొకరం ఏ జీవి వచ్చింది, ఏం తిన్నది, ఎన్ని కాయలు కోసినాము అని రాస్తాము. సంవత్సరం తిరిగేసరికి ఎవరు దొంగో ఎవరు పనివాడో ఆ లెక్కే చెప్తుంది. అప్పటిదాకా ఉండేలు పెట్టెలోనే పెట్టండి మిత్రులారా!

— 9వ తరగతి విద్యార్థి