గుండె ఆగింది సరే, ఎందుకు ఆగింది?

గల్ఫ్ క్యాంపుల్లో రాత్రి తిని పడుకున్న ముప్పై, ముప్పై అయిదేళ్ల మనవాళ్లు తెల్లారి లేవలేదన్న వార్తలు మనకు కొత్త కాదు. కాగితం మీద 'గుండె ఆగి మృతి' అని రాస్తారు. పెట్టె ఊరికి పోతుంది. అంతటితో సరి. ఎవరు పోయినా చివరికి ఆగేది గుండే కదా! ఎందుకు ఆగిందన్నదే అసలు ప్రశ్న.

ఎండ, టెన్షన్, రక్తనాళాలు మూసుకుపోవడం - ఇవన్నీ కారణాలే. పుట్టుకతో వచ్చేవీ ఉన్నాయి. గుండె కండరం మందంగా తయారయ్యే జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. గుండెను ముడిచే మయోసిన్ వంటి ప్రొటీన్లలో తేడాల వల్ల చాలామందికి ఇది వస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే కొందరికి గుండెలోంచి రక్తం బయటికి పోయే దారి ఇంకా ఇరుకవుతుంది. ఎండలో పనిచేసే మనం ఈ సంగతి తెలుసుకోవాలి.

బతికున్న మనిషి గుండె కోసి ఈ ప్రొటీన్లను పరీక్షించలేం. అందుకే మనిషి జన్యువును ఎలుక కండర కణాల్లోకి ఎక్కించి, వాటితోనే మన గుండె మయోసిన్‌ను తయారు చేయిస్తున్నారు. అది ఎంత బలంగా, ఎంత వేగంగా లాగుతుందో కొలుస్తున్నారు. మేము స్లాబ్ పోసిన రోజే క్యూబులు పోసి 28వ రోజున పగలగొట్టి చూస్తాం, బిల్డింగును పగలగొట్టం. ఇదీ అంతే. మయోసిన్ మీద జరిగిన పరిశోధనల ఫలమే మావాకామ్టెన్ అనే మందు. అతిగా ముడుచుకునే గుండె జోరు తగ్గించే ఈ మందుకు అమెరికా 2022లో అనుమతి ఇచ్చింది.

అది సైంటిస్టుల గొడవ, మనకెందుకు అనకండి. గుండెలోని ఇలాంటి మరో ప్రొటీన్ జన్యువులో 25 అక్షరాలు లోపించిన తేడా దక్షిణాసియా వారిలో నూటికి దాదాపు నలుగురికి ఉందని 2009లో వెల్లడించిన వారిలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్నారు. అది ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. ఎవరికి వస్తుందో తేల్చాలంటే మన జనం మీదే పరిశోధన పెరగాలి.

గల్ఫ్ మెడికల్‌లో ఎక్స్‌రే, రక్తపరీక్ష చూసి 'ఫిట్' అంటే గుండెకూ భరోసా దొరికినట్టు కాదు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే ఈసీజీ, ఎకో తీయించుకున్నాకే విమానం ఎక్కండి. పనిలో ఆయాసపడి, కళ్లు తిరిగి పడినవాణ్ణి నీళ్లు తాగించి మళ్లీ పరంజా ఎక్కించడం మాలాంటి సూపర్‌వైజర్లు మానాలి. పని ఆగితే కంపెనీ అడిగేది మమ్మల్నే, నిజమే. కానీ మనిషి పోతే అతని పిల్లలకు ఎవరు జవాబు చెప్తారు? ఇక మన సంఘాలు శవాన్ని ఊరు చేర్చడంతో ఆగకుండా, చావుకు కారణం ఏమిటో రాయించాలి. ఆ ఒక్క మాట తెలిస్తే ఊళ్లో ఉన్న తమ్ముడైనా బతుకుతాడు.