మేపుల్ పాకము వడకట్టుట
అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున మేపుల్ చెట్ల రసము ఇంచుమించు 40 పాళ్లు కాచినగాని 1 పాలు పాకము కాదు. నిరుడు మార్చిలో అచ్చటి మా చెల్లెలింట మేమును కాచితిమి. కాగుకొలది రసమునందలి సున్నపుటంశము మేలిక్ ఆమ్లముతో గూడి సన్నని యిసుకవలె నేర్పడి, పాకమును మసకబార్చును. ఉన్నిగుడ్డలో బోసితిమి. గుడ్డ పూడుకొనెను, పాకము చల్లారి చిక్కబడెను. రెండు దినముల శ్రమ వృథయయ్యెనని చెల్లెలు కంట తడిపెట్టెను.

పొరుగువారు వడపోత యంత్రము నెరువిచ్చిరి. పలకల నడుమ కాగితములు బిగించి, పాకమును మరల కాచి, అందు ఆహారయోగ్యమగు డయాటమ్ మట్టి కలిపి, పంపుతో నెట్టితిమి. మట్టి కాగితములపై పొరగట్టి యిసుకను పట్టివైచును. మొదట దిగిన మసక పాకమును తిరిగి పాత్రలోనే పోసితిమి. పిదప తేనెవలె తేటగా దిగెను. చెల్లెలు నవ్వెను.

మట్టిదుమ్ము పీల్చరాదు, పాకము చల్లారనీయరాదు. ఈ రెంటిని మరువకుడు.